కొత్త కళ్ళతో కొన్న ఎద్దు

ఒక ఏడాది మా నాయన చేను మొత్తం వంకర తిరిగింది. దేవుడు తిప్పలేదు, గాలీ తిప్పలేదు. నా రెండు కళ్ళూ, వాటి ముందున్న రెండు అద్దాలూ కలిసి తిప్పాయి. ఎట్లాగో చెబుతాను, మొహమాటం లేకుండా నవ్వుకోండి.

మీసం సరిగ్గా రాకముందే నా ముక్కు దూలం మీద పుండు లేచింది. ఓర్వకల్లు పక్కన మా పల్లెలో దాన్ని రాచపుండు అన్నారు, మద్రాసు డాక్టరు క్యాన్సర్ అన్నాడు. పేరు మారినా మా అమ్మ ఏడుపు మారలేదు. అక్కడ రేడియం సూదులు పెడితే పుండు మాడిపోయింది. కానీ కొన్నేళ్ళకు దీపం చుట్టూ పొగ కనిపించసాగింది. ఆ తర్వాత దీపం పోయి పొగ ఒక్కటే మిగిలింది.

కర్నూలు కంటి డాక్టరు నన్ను పరీక్షించి, "తాతలకు రావాల్సిన శుక్లాలు నీకొచ్చాయి. రేడియం పుండుతో పాటు పక్కనున్న కళ్ళనూ ఉడికించింది" అన్నాడు.

"ఒక్క పొయ్యి మీద రెండు వంటలు. రేడియం శానా పొదుపరి సామీ" అన్నాను. అమ్మ తొడ మీద గిల్లింది.

ఆపరేషన్లు అయ్యాక తలకు రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి, "దగ్గొద్దు, తుమ్మొద్దు, ముఖ్యంగా నవ్వొద్దు" అన్నారు. నన్ను నవ్వొద్దనడం మేకను నమలొద్దనడమే. ఎలాగో ఓర్చుకున్నాను.

కట్లు విప్పి, సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టారు. లోకం వింతగా ఉంది. తెల్లగోడ నీలంగా ఉంది. డాక్టరు ముఖం చేటంత ఉంది. ద్వారబంధం నడుము దగ్గర వంగింది. అద్దాలు ఎత్తి, దించి, తల వాల్చి ఆ ద్వారబంధాన్నే చాలాసేపు పరీక్షించాను.

"అలవాటయ్యేదాకా జాగ్రత్త. అన్నీ పెద్దవిగా కనబడతాయి" అన్నాడు డాక్టరు. కళ్ళ సంబరంలో చెవులను ఎవరు పట్టించుకుంటారు?

నన్ను ఇంటికి తీసుకుపోవడానికి నాయన స్నేహితుడు, గాజుల వ్యాపారి ఖాసీం మామ వచ్చాడు.

"నల్లెద్దు సచ్చిపోయినాది రా. వాన పడి నేల పదునైనాది. ఎర్రెద్దుకు జత లేక మీ నాయన విత్తే గొర్రు కట్టుకోలేక కూకోనుండాడు. సంతలో జత ఎద్దును నిన్నే చూసి పట్టుకురమ్మన్నాడు" అన్నాడు.

చూపు మసకబారకముందు ఎద్దును ఒక్కసారి చూసి దాని ఎత్తు చెప్పేవాణ్ణి లెండి. ఎర్రెద్దు ఎత్తు నా మనసులో అచ్చుపడి ఉంది. సంతలో ఆ ఎత్తుకు సరిపోయేది ఒక్కటే కనిపించింది. మిగిలినవన్నీ ఏనుగులు.

"మామా, ఇదే."

"చిన్నగా ఉన్నట్టుండాది కదరా. పక్కన నిలబడి చూడు, నీ యెదదాకన్నా వస్తాదేమో."

"నీ కండ్లకు ఇంకా ఆపరేషన్ కాలేదు మామా."

"గాజుల సైజు తెల్సు గానీ ఎద్దుల సైజు నాకు యాడ తెల్సు" అని ఆయన తగ్గాడు.

"ఇంత మంచి చూపున్న మనిషిని నేను యాడా చూల్లేదప్పా" అంటూ అమ్మేవాడు తాడు నా చేతికిచ్చాడు. ఇచ్చిన వెంటనే మాయమయ్యాడు. అదీ నాకు మర్యాదగానే తోచింది.

ఇంటి ముందు నాయన ఎర్రెద్దును పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆగిపోయాను.

"ఏం మేపినావు నాయనా, ఎర్రెద్దు ఏనుగైపోయినాది?"

నాయన నన్ను చూశాడు, అద్దాలను చూశాడు, తాడు చివరనున్నదాన్ని చూశాడు.

"ఎర్రెద్దు ఎంతుండెనో అంతే ఉండాది. జత యాడ? ఈ దూడ ఎవురిది?"

"నన్నడగొద్దు. నా కండ్లకు ఇంకా ఆపరేషన్ కాలేదు" అన్నాడు ఖాసీం మామ.

నేల ఆరిపోతోంది, మళ్ళీ సంతదాకా ఆగే వీలు లేదు. ఆ రెండింటికే కాడి కట్టారు. కాడి ఒక పక్కకు వాలింది. దూడ వెనకబడేకొద్దీ గొర్రు ఒక పక్కకే తిరిగి, తిరిగి, సాళ్ళన్నిటినీ కొడవళ్ళలా వంచింది. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది.

విత్తిన కొర్ర మొలిచాక నాయన నన్ను గట్టుకు తీసుకుపోయి, "నీ పనితనం చూడు" అన్నాడు.

చూశాను. గోడలనూ గుంజలనూ వంచి చూపించే నా అద్దాలకు, ఆ సాళ్ళు మాత్రం దారం పట్టి గీసినట్టున్నాయి.

"తిన్నంగానే ఉండాయి కదా నాయనా."

నాయన గట్టు మీద కూలబడి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను మద్రాసు రైలెక్కిన నాటినుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

ఇక నా ముక్కు మీది మచ్చ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పక్కన ఎర్రెద్దును నిలబెట్టి చూసుకోకుండా ఈ జన్మలో దేన్నీ కొనను. చొక్కా గుడ్డకు పోయినా దాన్ని తోలుకునే పోతాను. అంగడివాళ్ళు కాస్త దారి ఇవ్వాలి.