తడిగుడ్డ వాసన

ముక్కక్క అసలు పేరు ఆ బీరు కార్ఖానాలో ఎవరికీ గుర్తులేదు. ముక్కుసూటిగా మాట్లాడుతుందని కొందరు, ముక్కుతోనే బతుకుతుందని కొందరు అలా పిలవడం మొదలుపెట్టారు. రెండూ నిజమే కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. పక్కింట్లో పాలు అడుగంటితే ఆ ఇంటివాళ్ల కంటే ముందు తను లేచి గోడ తట్టే మనిషి.

కార్ఖానా పెద్దదేం కాదు. ఆరు ట్యాంకులు, సీసాలు నింపే యంత్రం ఒకటి, పదకొండు మంది పనివాళ్లు. యజమాని ఆమె అక్క మొగుడు. బావ పెట్టుబడి, మరదలి ముక్కు, ఈ రెంటి మీద తొమ్మిదేళ్లు బండి నడిచింది. ప్రతి ట్యాంకులోంచీ ఒక గ్లాసు ఆమె ముందుకు వచ్చేది. వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, చీటీ మీద ‘సరే’ అనో ‘వద్దు’ అనో రాసేది. ఆ చీటీ లేనిదే సీసా గడప దాటేది కాదు.

ఒక్కసారి దాటింది. ఆ ట్యాంకు బీరు వెన్న వాసన కొడుతోందని, ఇంకో నాలుగు రోజులు ఆగితే దానంతటదే పోతుందని ఆమె ‘వద్దు’ రాసింది. బావకు ఆగే ఓపిక లేదు. పెద్ద హోటల్లో విందుకు ఇస్తానని మాటిచ్చాడు. పంపేశాడు. రెండో రోజే సీసాలన్నీ తిరిగొచ్చాయి.

బావ పనివాళ్లందర్నీ పిలిచి సీసాల మధ్య నిలబెట్టాడు. “ఈవిడ చూసి సరేనంది. జలుబు చేసి పదిరోజులైందట. ఆ ముక్కు ఎప్పుడో పోయింది, మనకే చెప్పలేదు,” అన్నాడు.

“నేను వద్దని రాశాను. చీటీ ఏది?” అంది ముక్కక్క.

“ఏ చీటీ?” అన్నాడు బావ.

ఆ చీటీని పొద్దున్నే బావ చింపుతుంటే అక్క చూసింది. తను చూసినట్టు చెల్లెలికి తెలుసని కూడా ఆమెకు తెలుసు. అయినా తలుపు దగ్గర నిలబడి గోళ్లు చూసుకుంది.

కత్తి పోయినా వంటవాడు బతుకుతాడు గానీ, ముక్కు పోయిందన్న పేరొచ్చాక వాసన చూసే మనిషికి బతుకేముంది? టీపొడి కంపెనీకి వెళ్తే, “మీకు వాసన తెలియదటగా అమ్మా,” అన్నారు. అత్తర్లు చేసేచోట గేటు దగ్గరే ఆపేశారు. చివరికి బట్టల సబ్బుపొడి సంచులకు ఎత్తే షెడ్డులో పని దొరికింది. అక్కడి ఘాటుకి మామూలు ముక్కులే మొద్దుబారిపోతాయి. ఆమె మాత్రం మూడు మడతల తడి రుమాలు మొహానికి కట్టుకుని, గంటకోసారి దాన్ని ఉతుక్కుంటూ తన ముక్కును చంటిపిల్లను కాపాడినట్టు కాపాడుకుంది. ఉల్లిపాయ మానేసింది. కాఫీ మానేసింది. పగ ఆమెకు పథ్యమైంది.

బావ కార్ఖానాలోంచి కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఒక సీసా తెచ్చుకుని, కిటికీ పక్కన కూర్చుని, తప్పు కోసం వెతికేది. దొరికితే ఆ రోజంతా హాయిగా ఉండేది. ఒకసారి పులుపు, ఒకసారి అట్టముక్క వాసన. కానీ చెబితే వినేదెవరు? అలా నాలుగేళ్లు నిప్పును నివురు కింద దాచుకుంది.

వీధి మలుపులో సీసాల కొట్టు నడిపే ముసలాయన ఆమె ముక్కు పోయిందంటే ఎన్నడూ నమ్మలేదు. ఒకరోజు ఆయనే పిలిచాడు.

“ఆదివారం మధ్యాహ్నం మీ బావ కొత్త బీరు రుచి చూపిస్తున్నాడమ్మా, మన కొట్లోనే. పేల్ ఏల్ అట, లేత రంగు బీరు. పెద్ద హోటలు వాళ్ల కొనుగోలు మేనేజరు కూడా వస్తోంది. నువ్వూ రా.”

“నన్ను చూస్తే ఆయనకి నచ్చదండీ.”

“కొట్టు నాది. నచ్చకపోతే ఆయన్నే బయట నిలబడమను.”

ఆ ఆదివారం ఆమె సబ్బు లేకుండా స్నానం చేసింది. నోరు ఉత్త నీళ్లతో కడుక్కుంది. అబద్ధం చెప్పాలని మాత్రం అనుకోలేదు. బావ తొందర ఆమెకు తెలుసు. ఏదో ఒక తప్పు ఉండి తీరుతుంది. దాన్ని పదిమందిలో పేరు పెట్టి పిలవాలి. అంతే.

కొట్లో పాతికమంది ఉన్నారు. ఆమెను చూడగానే బావ చేతిలో సీసా సగంలో ఆగింది. ముసలాయనే తీసుకుని ఆమె గ్లాసులో పోశాడు.

లేత బంగారు రంగు. నురగ గ్లాసు అంచుకు అంటుకుని నెమ్మదిగా దిగుతోంది. వాసన చూసింది. బత్తాయి తొక్క గిల్లినట్టు, దాని వెనక అప్పుడే కోసిన గడ్డి. గుక్క తీసుకుంది. కాల్చిన రొట్టె అంచులాంటి తీపి ముందు వచ్చింది. చేదు ఆ తర్వాత వచ్చి, నాలుక వెనక కాసేపు కూర్చుని, మర్యాదగా లేచి వెళ్లిపోయింది. వెన్న లేదు. పులుపు లేదు. అట్టముక్క లేదు. మళ్లీ వెతికింది. మూడోసారీ వెతికింది.

తప్పు లేదు. ఆ కార్ఖానా గడప దాటిన వాటన్నిట్లోకీ మంచి బీరు అది. తను లేకుండా, తన చీటీ లేకుండా చేశాడు. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. నాలుగేళ్లలో అంత కోపం ఎప్పుడూ రాలేదు.

“ఏమ్మా, ఎలా ఉంది?” అన్నాడు ముసలాయన. పాతిక తలలూ తిరిగాయి.

ఆమె గ్లాసు కింద పెట్టింది. “తడిగుడ్డ,” అంది.

“అంటే?” అంది హోటలు మేనేజరు.

“ఆరకుండా మూలన పడేసిన గుడ్డ వాసనండీ. మొదట్లో తెలియదు. మింగాక, నోరు మూసుకుని ముక్కులోంచి గాలి వదలండి. అప్పుడొస్తుంది.”

మేనేజరు తాగింది. నోరు మూసుకుంది. ముక్కులోంచి గాలి వదిలింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. “అవును, కొంచెం… అవునండీ, ఉంది.”

“నాకు ఇందాకే అనిపించింది, చెప్పడం ఎందుకులే అని ఊరుకున్నా,” అన్నాడు పక్కనున్న కళ్లజోడాయన. ఇంకొకామె గ్లాసు దూరంగా జరిపింది. క్షణాల్లో కొట్టంతా గుడ్డ వాసనే. ఒకాయన అయితే ఆ గుడ్డ ఏ రంగుదో ఒక్కటే చెప్పలేదు.

బావ తన గ్లాసు మూడుసార్లు వాసన చూశాడు. మొహం పాలిపోయింది. ఇద్దరే పని చేసుకునే పాతరోజుల్లో లాగా ఆమెకేసి వంగి, “నిజంగా ఉందా?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“మీకు తెలియట్లేదా, బావగారూ?” అంది ముక్కక్క.

మేనేజరు ఒక్క సీసా కూడా తీసుకోలేదు. మర్నాడు బావ, వాసన వాటిల్లోంచే వస్తోందేమోనని రబ్బరు గొట్టాలన్నీ కోసి పారేశాడు. ట్యాంకులు విప్పించి కడిగించాడు. ఆ బీరంతా కాలవలో పోయించాడు. సాయంత్రం దాకా వీధి పొడుగునా నురగ పారుతూనే ఉంది.

మూడోరోజు అక్క వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“చెల్లీ, ఒక్కటి చెప్పు. నిజంగా ఆ వాసన ఉందా?”

“నన్నడుగుతావేంటక్కా? నాకు ముక్కు పోయిందని మీ ఆయనే అన్నాడుగా.”

“ఆయన నిద్రపోవట్లేదే. అన్నంలో కూడా అదే వాసనంటున్నాడు. ఆ రోజు నేను నోరు విప్పలేదనేగా నీ కోపం?”

“నువ్వు విప్పలేదు. నేను విప్పాను. ఇద్దరం ఆడింది అబద్ధమే.”

అక్క ఆమె మొహంలోకి చూసింది. అర్థమైంది. ఇంటికి వెళ్లి మొగుడికి చెప్పిందో లేదో తెలియదు. చెప్పినా ఆయన నమ్మలేదేమో. ఆ తర్వాత ఏ ట్యాంకు తెరిచినా ఆయనకు తడిగుడ్డే. మంచిది పారబోశాడు, చెడ్డది అమ్మాడు. ఏడాది తిరిగేలోగా ట్యాంకులు ఎవరో పాలవాళ్లు పట్టుకుపోయారు. ఆ పదకొండు మందీ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. వాళ్లలో ఇద్దరు సబ్బుపొడి షెడ్డులో చేరారని విన్నప్పుడు మాత్రం ముక్కక్క ఆ పూట అన్నం సరిగా తినలేదు. బావ కోసం ఒక్క పూటా మానలేదు.

ఆమె అప్పటికి ఆ షెడ్డులో లేదు. పాతికమందికీ తెలియని వాసన పట్టేసిందని హోటలు మేనేజరు ముక్కున వేలేసుకుని, వెతుక్కుంటూ వచ్చి మరీ పనిలో పెట్టుకుంది. అక్కడ ఆమె మళ్లీ చీటీలు రాస్తోంది. ఒక్క చీటీలోనూ అబద్ధం రాయలేదు.

ఒకరోజు వరసగా గ్లాసులు చూస్తుండగా మేనేజరు అడిగింది. “ఇన్ని తాగారు కదా, మీ లెక్కలో అన్నిటికన్నా మంచి పేల్ ఏల్ ఏదండీ?”

ముక్కక్క గ్లాసు మీంచి తల ఎత్తలేదు.

“అది ఇప్పుడు దొరకదులెండి,” అంది.