నలభై రెండో రాయి దగ్గర తడి

మా బాబాయి గురించి నిష్పక్షపాతంగా రాయడం నా వల్ల కాదు. వాళ్లింట్లోనే ఉండి చదువుకున్న నేను పిన్ని మనిషిని. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ సుఖం.

బాబాయి ఉద్యోగం నడవడం. పట్నంలోని మురుగునీరంతా పొలాల కింద ఏడు కిలోమీటర్ల పైపులో పోయి, శుద్ధి చేసే చెరువుల్లో పడుతుంది. పైపు పొడవునా నంబర్లు వేసిన రాళ్లు డెబ్భై పాతారు. బాబాయి పొద్దున్నే ఐదింటికి సైకిలెక్కి ఒకటో రాయి దగ్గరికి వెళ్లాలి. అక్కణ్ణుంచి చివరి రాయి దాకా నడుస్తూ ఎక్కడ నేల కుంగింది, ఎక్కడ తడి ఉంది, ఎక్కడ కంపు కొడుతోంది అన్నీ రిజిస్టరులో ఎక్కించాలి. పాతికేళ్లుగా ఎక్కించాడు. ఆఫీసువాళ్లు పాతికేళ్లుగా ఆ రిజిస్టరు మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు.

నలభై రెండో రాయి సరిగ్గా మా పిన్ని గుమ్మడి పాదుల మధ్య ఉంది. వాళ్ల ఇంటి వెనకాల పావెకరం నేల అది. అక్కడ కాసే కాయను ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. "నీ చేతిలో ఏదో మహత్యం ఉందమ్మా" అని చూసినవాళ్లంతా పిన్నిని మెచ్చుకునేవాళ్లు. వెనక నిలబడ్డ బాబాయి మీసాల్లో నవ్వుకునేవాడు. మహత్యం ఎవరిదో ఆయనకు తెలుసట!

రోజూ తొమ్మిదింటికి ఆయన ఆ రాయి దగ్గరికి చేరేసరికి పిన్ని కూరగాయలు తీసుకుని బజారుకు వెళ్లిపోయి ఉండేది. పాదుల కింద నేల మాత్రం తడితడిగా ఉండేది. కింద పైపు చిట్లింది, ఆ మురుగు తాగే కాయలు ఇంతింత అవుతున్నాయి అని బాబాయి తేల్చేశాడు. మూడు పొలాల అవతలి కంపు పట్టే ముక్కు నాది అని గొప్పలు పోయే మనిషికి అక్కడ ఏ వాసనా తగల్లేదు. దానికీ సమాధానం ఉంది ఆయన దగ్గర. వాసనంతా పాదులు పీల్చేసుకుంటున్నాయట.

పిన్ని మనసు నొచ్చుకుంటుందని ఆ రహస్యం ఆమెకు చెప్పలేదు. ఉద్యోగ ధర్మం తప్పకుండా "42 - తడి, అనుమానం" అని రోజూ రాశాడు. ఇంట్లో మాత్రం గుమ్మడికాయ ముట్టడం మానేశాడు. డాక్టరు వద్దన్నాడన్నాడు. ఏ డాక్టరని పిన్ని అడిగితే, బదిలీ అయి వెళ్లిపోయాడన్నాడు.

మమ్మల్ని మాత్రం తిననిచ్చాడు. "బాగా ఉడికిందా?" అని నా కంచం దగ్గరికి వచ్చి మరీ అడిగేవాడు. నా ఆరోగ్యం మీద శ్రద్ధ అనుకుని మురిసిపోయేదాన్ని. ఆ విషయంలో ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

పదకొండేళ్లు ఇలాగే గడిచాయి. ఏటా మొదటి కాయ కోసినరోజు పిన్ని ఆశగా ఒక ముక్క ఆయన కంచంలో వేసేది. ఆయన దాన్ని వేలితో అంచుకు నెట్టేసేవాడు. ఒకసారి గిన్నెలు కడుగుతూ నాతో అంది, "ఎంతమంది మెచ్చుకుంటే ఏం లాభం? ఇంట్లో మనిషి ఒక్క ముక్క నోట్లో పెట్టుకోడు."

అంతలో పాత పైపు తీసేసి కొత్తది వెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఆవిడ చేసిన మొదటి పని టీ గ్లాసులు పక్కనపెట్టి రిజిస్టరు చదవడం.

"అన్నిటికంటే పాడైన చోట మొదలుపెడదాం. నలభై రెండు" అంది.

బాబాయి గబగబా అడ్డుపడ్డాడు.

"అక్కడెందుకు మేడమ్? అక్కడ పైపు బంగారం."

"పదకొండేళ్లుగా తడి అని రాశారు కదండీ. ఇది మీ చేతిరాత కాదా?"

"నాదేననుకోండి. అప్పట్లో కళ్లద్దాలు సరిగ్గా లేవు."

"నిన్న కూడా రాశారు."

ఆ సాయంత్రం బాబాయి ఇంటికొచ్చి, "నాలుగు రోజులు మీ చెల్లెలింటికి వెళ్లి రాకూడదూ?" అన్నాడు పిన్నితో. పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. ఇక పిన్ని కదులుతుందా? మర్నాడు స్టూలు తెచ్చుకుని, తవ్వే యంత్రానికి ఎదురుగా కూర్చుంది. చుట్టుపక్కల పొలాలవాళ్లు కూడా పనులు మానుకుని వచ్చారు.

పాదులు జాగ్రత్తగా పక్కకు తీశారు. యంత్రం మట్టి తోడుతుంటే బాబాయి ముందుజాగ్రత్తగా తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. అడుగున్నర దాటగానే పొడి మట్టి వచ్చింది. ఇంకా లోతుకు వెళితే దుమ్ము లేచింది. చివరికి పైపు బయటపడింది. మేస్త్రీ దిగి గునపంతో కొడితే ఖంగుమంది.

"లైను మొత్తంలో ఇంత గట్టి ముక్క ఇంకోటి ఉండదు మేడమ్. ఒక్క చుక్క కారలేదు" అన్నాడు.

ఇంజనీరమ్మ రిజిస్టరు తిరగేసింది. "మరి పైన ఈ తడెక్కడిది?"

"నేను పోసిన నీళ్లండీ" అంది పిన్ని. "రోజూ నలభై బిందెలు. ఈయన ఐదింటికి వెళ్లగానే బావి దగ్గర మొదలుపెడితే ఏడింటికి తెములుతుంది."

పిన్ని స్టూలు మీంచి లేచి బాబాయి వైపు తిరిగింది.

"ఆ బదిలీ అయిన డాక్టరు పేరేంటన్నారు?"

బాబాయి భుజాలు తడుముకున్నాడు. తువ్వాలు అక్కడ లేదు, ముక్కుకే ఉంది.

"నా కూరలో మురుగు ఉందనుకున్నారా? పదకొండేళ్లూ?"

"నువ్వు బాధపడతావనే చెప్పలేదే."

"ఈ తడేమిటని ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని కదా!"

మేస్త్రీ గోతిలోనే కూలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. మొదట నేనూ నవ్వాను. తర్వాత పిన్ని చేతులు చూశాను. బిందె అంచు ఒరుసుకుని కాయలు కాసిన చేతులు. ఆ చేతులకు వచ్చిన మెప్పులో పదకొండేళ్లు తన పైపుకు వాటా పంచిన బాబాయి మీద ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం పిన్ని గుమ్మడికాయ కూర వండి ఇంజనీరమ్మకూ మేస్త్రీకీ కొసరి కొసరి వడ్డించింది. బాబాయి వంతు వచ్చేసరికి గరిట దాటిపోయింది.

"ఒక్క ముక్క వెయ్యవే."

"డాక్టరు వద్దన్నాడుగా."

ఎనిమిది రోజులు ఇదే తంతు. ఈలోగా కొత్త పైపు పడింది, గొయ్యి పూడింది, పిన్ని మళ్లీ గింజలు నాటింది. తొమ్మిదో రోజు నాలుగింటికే చప్పుడైతే లేచి చూశాను. బాబాయి బావి దగ్గర బిందె నడుముకు ఎత్తుకోబోయి, సగం నీళ్లు తన మీదే పోసుకుని నిలబడ్డాడు. నాలుగు బిందెలు మోసి గట్టు మీద కూలబడ్డాడు. మిగతా ముప్ఫయ్యారూ పిన్ని పోసింది.

ఆ రోజు ఆయన కంచంలో ఒక ముక్క పడింది. ఎలా ఉందో చెప్పలేదు. తల వంచుకుని తిని, ఇంకొంచెం వెయ్యమన్నాడు. పిన్ని వేసింది.

ఆఫీసులో కొత్త రిజిస్టరు ఇచ్చారు. మొదటి పేజీలో బాబాయి గుండ్రటి చేతిరాత నేనే చూశాను. "42 - తడి. కారణం: నా భార్య. పైపుకు ఏ సంబంధమూ లేదు."