సగం పాలపిట్ట

దోహాకు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు జీవితంలో ఉన్నది ఒకే ఒక్క కోరిక: ఏసీ కింద కూర్చుని చేసే డ్యూటీ. హోదా, ఊళ్ళో డాబా ఇల్లు, ఇవన్నీ తర్వాతి సంగతులు. ఇక్కడ వసంతం చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. మార్చిలో చల్లగాలి తగిలిందని మురిసిపోయేలోపు ఏప్రిల్ చివరికల్లా నెత్తి మాడటం మొదలవుతుంది. ఆలోగా ఏదో ఒక నీడపట్టుకు చేరకపోతే అప్పడంలా వేగిపోతానని నా గట్టి నమ్మకం. (భీమవరం ఎండల్లో పెరిగినవాణ్ణి, ఎండ నన్నేం చేస్తుందని విమానం ఎక్కేముందు గొప్పలు కొట్టినవాణ్ణీ నేనే.)

అప్పుడు నేను సముద్రం ఒడ్డున ఒక పార్కులో స్టోర్ అసిస్టెంట్‌ని. పాత పార్కే, కొత్తగా ముస్తాబవుతోంది. కాలిబాటలకు రాళ్ళు పరుస్తున్నారు, కాఫీ కొట్టు కడుతున్నారు, పిట్టల్ని చాటునుంచి చూడటానికి నీటి అంచున పందిరి వేసి తడికలు కట్టారు. వచ్చినవాళ్ళకు వివరాలు చెప్పడానికి ఒక అద్దాల గది కూడా లేచింది. అందులో కౌంటర్, కౌంటర్ వెనక కుర్చీ, కుర్చీ నెత్తిన ఏసీ ఉంటాయని డ్రాయింగులో చూసినప్పటినుంచీ నాకు అన్నం సయించలేదు.

మా సూపర్‌వైజర్‌కి మేం పెట్టుకున్న పేరు మాఫీ సార్. ‘లేదు’ అనడానికి ఇక్కడి అరబీలో ‘మాఫీ’ అంటారు, ఆయన నోట అది తప్ప ఇంకో మాట రాదు. లీవు అడిగితే మాఫీ. బూట్లు చిరిగాయి, కొత్తవి ఇప్పించమని రాళ్ళు పరిచే గ్యాంగు చేతులు కట్టుకుని అడిగితే మాఫీ. మీది ఏ దేశం సార్ అంటే దానికీ మాఫీ. అలాంటి మనిషి ఒకరోజు నన్ను పిలిచి, “శుక్రవారం పొద్దున పిట్టలు చూసేవాళ్ళు వస్తున్నారు. నీకు ఇంగ్లీషు వచ్చు కదా, నువ్వు తిప్పి చూపించు. వాళ్ళు సంతోషంగా వెళితే కౌంటర్ నీది” అన్నాడు హిందీలో.

పిట్టల విషయంలో నా అనుభవమల్లా మా చేపల చెరువుల మీద వాలే కొంగల్ని చేతులాడిస్తూ “హుష్, హుష్” అని తోలడమే. అయినా స్టోర్‌లో పిట్టల బొమ్మల బోర్డులు ఉన్నాయి గనక, వాటిని గోడకు ఆనించిన వరుసలో బట్టీ పట్టాను. తీరా శుక్రవారం చూస్తే పిట్టలు ఆ వరుసలో నిలబడలేదు. టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఒకరు నీళ్ళ మీదికి చెయ్యి చూపి అదేమిటని అడిగితే, మూడో బోర్డు వంతు కదా అని ఫ్లెమింగో అన్నాను. ఆవిడ చాలా మర్యాదగా, “అది బోయా బాబూ, పడవలకు దారి చూపే గుర్తు” అంది. కౌంటర్ నాకు కొంచెం దూరం జరిగింది.

అందరూ తడికల దగ్గర చేరి, ఊపిరి బిగపట్టి సముద్రం వైపు చూస్తున్నారు. నేను ఎందుకో వెనక్కి తిరిగాను. గ్యాంగు గ్యాంగంతా హెల్మెట్లతో, బూట్లు విప్పేసి, వట్టి కాళ్ళతో వరుసగా నిలబడి చేతులు జోడించి ఉంది. ముందు మా పెద్దన్న. (జగిత్యాల దగ్గరి మేస్త్రీ, క్యాంపులో నా గదివాడు, వయసులో పెద్ద కాబట్టి అందరికీ పెద్దన్న.) ఇంకేముంది, అతిథుల ముందు బూట్ల కోసం మొర పెట్టుకుంటున్నారు, నా కౌంటర్ సముద్రంలో కలిసింది అనుకున్నాను.

పరుగెత్తుకెళ్ళి, “పెద్దన్నా, బూట్ల సంగతి రేపు మాట్లాడదాం, ఇవాళ వద్దు” అని గుసగుసగా బతిమాలాను.

“జర పక్కకు జరుగు తమ్మీ, అడ్డం నిలవడకు” అన్నాడు, నా తలమీదుగా ఎటో చూస్తూ.

అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. రెండు చేతులూ చాచి, కొంగల్ని తోలినట్టు “హుష్, హుష్” అని వాళ్ళను తోలాను. వాళ్ళలో ఒక్కడూ కదల్లేదు. కానీ వాళ్ళ మొహాలన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. నా వెనకనుంచి అతిథుల “ఆ...” వినిపించింది. నేను తిరిగి చూసేసరికి పందిరి కొన ఖాళీగా ఉంది.

అక్కడ కూర్చున్నది పాలపిట్టట. దసరానాడు దాన్ని చూసి, చెప్పులు విడిచి దండం పెడితే తలపెట్టిన పని జరుగుతుందని వాళ్ళ నమ్మకం. పందిరి కింద ఉన్న అతిథులకు తలపైనున్న పిట్ట కనబడలేదు. నేను తోలగానే నీలం రెక్కలు చాచి వాళ్ళ కళ్ళముందునుంచే నీళ్ళ మీదుగా వెళ్ళిందట. టోపీ పెద్దావిడ, అప్పుడే అక్కడికి వచ్చిన మాఫీ సార్ చెయ్యి పట్టుకుని, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదని, పనివాళ్ళు కూడా ఎంత నిశ్శబ్దంగా నిలబడ్డారోనని పొగిడింది. ఆయన ఆ వట్టి కాళ్ళ వంక, నా వంక చూసి, “కౌంటర్ నీది” అన్నాడు.

“ఇది దసరా కాదుగా పెద్దన్నా?” అని సాయంత్రం గదిలో అడిగాను.

“దసరాకు ఎన్నడు కనవడకపాయె. కనవడ్డ దినమే దసరా” అన్నాడు. ఫోన్‌లో వదిన (ఆమెకు గల్ఫంతా దుబాయే), “దుబాయ్‌ల గూడ పాలపిట్టలుంటయా?” అంటోంది. “నేను రాలేదా? గట్లనే అదీ అచ్చింది” అని ఆమెకు చెప్పి, నా వైపు తిరిగాడు. “నువ్వు సూసినవా తమ్మీ?”

“లేదు. మీ మొహాలే చూశాను.”

“సూసినోళ్ళ మొకాలు సూసినవ్ గద. సగం పనైతది తియ్యి.”

సగమే అయింది. మే నెలలో నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఏసీ ఎప్పుడు బిగిస్తారు సార్ అంటే మాఫీ. అద్దాల్లోంచి దిగే ఎండకు ఆ వేసవంతా ఉడికిపోయి, గాలికోసం రోజూ బయట చెట్టు కిందికి పరుగెత్తేవాణ్ణి. ఏసీ దసరా వెళ్ళాక వచ్చింది. బూట్లు మాత్రం గ్యాంగుకు పిట్ట వాలిన వారమే వచ్చాయి. పిట్టను వాళ్ళు పూర్తిగా చూశారు మరి.

ఇప్పుడు నా ఆఫీసు దోహా పక్కనే, లుసైల్‌లో. లోపల స్వెటర్ వేసుకుంటాను. పెద్దన్న ఊరికి వెళ్ళిపోయాడు. వసంతంలో శుక్రవారం వచ్చిందంటే దుర్భిణి మెడలో వేసుకుని ఆ పందిరి దగ్గరికి వెళతాను. ఆ పిట్ట మన పాలపిట్ట కాదట, దాని పినతండ్రి కొడుకు వరస, ఉత్తరపు దేశాలకు పోతూ ఇక్కడ అలుపు తీర్చుకుంటుంది. ఎన్నోసార్లు కళ్ళారా చూశాను. అయినా అది కొన మీద వాలగానే ముందు వెనక్కి తిరిగి, చూస్తున్నవాళ్ళ మొహాలు చూస్తాను. పక్కనున్నవాళ్ళు జాలిపడి, “పిట్ట అటుందండీ” అని చెబుతారు.

తెలుసండీ అంటాను.