మెట్లు పగలగొట్టించిన అక్కగారు

పక్క షాపు అక్కగారు పోయారని నిన్న పొద్దున ఫోనొచ్చింది. నేను నమ్మలేదు. ఇంకెవరో అయ్యుంటారు, సరిగ్గా కనుక్కోమని ఫోన్ చేసినాయన మీద విసుక్కున్నాను కూడా. ముందురోజు సాయంత్రం షట్టరు దించుతూ, మోకాలి నొప్పికి ఏ డాక్టరు మంచివాడని నన్నడిగిన మనిషి. పటమటలో వాళ్ళింటికి వెళ్ళేసరికి హాల్లో పడుకోబెట్టి ఉంచారు. కాఫీ కలుపుతూ కూలబడ్డారట. అంతే. ఇది రాస్తున్నా నాకింకా అయోమయంగానే ఉంది.

వన్‌టౌన్‌ బజారులో ఆవిడది లేసులు, గుండీలు, దారాల షాపు. పక్కనే నాది స్టీలు సామాన్ల షాపు. జాకెట్ గుడ్డ తెచ్చినవాళ్ళని వీధిలోకి తీసుకొచ్చి, ఎండ వెలుతురులో రంగు సరిచూస్తే గానీ ఆవిడ దారం ఇచ్చేవారు కాదు.

తొంభైల్లో మా బజారులో ఫుట్‌పాత్ కనపడేది కాదు. దాని మీదికి ప్రతి షాపుకీ మూడేసి మెట్లు, మెట్ల ముందు సరుకు. జనం ఆటోలు, లారీల మధ్యే నడిచేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ఆవిడ దగ్గర లేసు కొనుక్కుని వెళుతున్న కాలేజీ అమ్మాయిని సరిగ్గా మా షాపు ముందు స్కూటరు గుద్దింది. కాలు విరిగింది. అక్కగారే రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

వారం తిరక్కుండా తన షాపు మెట్లు పగలగొట్టించారు. తర్వాత షాపు షాపుకీ తిరిగారు. అందరం వెనక్కి జరిగితే కార్పొరేషన్ వాళ్ళు కొత్త ఫుట్‌పాత్ వేస్తారట, సాయంత్రాలు బండ్లు రానివ్వరట. మాకు భయం వేసింది. బండ్లు రాకపోతే బేరాలెక్కడివి? వద్దంటూ అర్జీ ఇచ్చాం. నేనూ సంతకం పెట్టాను. ఆవిడకి తెలియదనుకున్నాను.

రెండ్రోజులకి వచ్చి మా షాపులో స్టూలు మీద కూర్చున్నారు.

"అర్జీలో నీ సంతకం చూశాను తమ్ముడూ. నీ భయం నీది, నేనేమీ అనను. కానీ ఆ పిల్ల నీ బిందెలు అడ్డమొస్తేనే రోడ్డు మీదికి దిగింది. నేను చూశాను. ఎవరికీ చెప్పలా. నీకు మాత్రం చెప్పాలిగా."

ఆవిడ లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే బిందెలన్నీ లోపలికి సర్దాను. మర్నాడు మేస్త్రీని పిలిచి మెట్లు తీయించాను.

మిగతావాళ్ళు కదలడానికి ఏడాది పైనే పట్టింది. ఫుట్‌పాత్ వేసిన కొత్తలో బేరాలు నిజంగానే పడిపోయాయి. ఎదురు బట్టల షాపాయన ఆవిడతో మాట్లాడటం మానేశాడు. ఆవిడ మాత్రం, "బండి మీద పోయేవాళ్ళకి బోర్డు కనపడుద్ది, నడిచేవాళ్ళకి సరుకు కనపడుద్ది, కాస్త ఓపిక పట్టండి" అనేవారు. మెల్లగా ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని రావడం మొదలైంది. ఒక దాని కోసం వచ్చి నాలుగు షాపులు చూసి వెళ్ళేవాళ్ళు. బట్టల షాపాయన మళ్ళీ మాట కలిపాడు. నేను చెప్పలేదా అని ఆవిడ ఎవరినీ అనలేదు.

బిందెల సంగతి చనిపోయేదాకా ఆవిడ మూడో మనిషికి చెప్పలేదు. ఇవాళ నేనే చెబుతున్నాను.

ఈ సాయంత్రం షాపు తీశాను గానీ లోపల కూర్చోలేక గుమ్మంలో నిలబడ్డాను. ఫుట్‌పాత్ మధ్యలో ఒక పెద్దావిడ సంచీ కింద పెట్టి, వంగి, ఊడిన చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. తొందరేమీ లేదు. వెనకాల వచ్చేవాళ్ళు ఆవిడ పక్కనుంచి తప్పుకుని, కబుర్లు చెప్పుకుంటూ వెళుతున్నారు.