కిల్టు మీద ఖాకీ గుడ్డ

మస్కట్‌లోని వాడి కబీర్ పేటలో నా టైలర్ షాపుకి ఎక్కువగా వచ్చేది స్కూలు యూనిఫారాలే. ఆడపిల్లల స్కర్టులకు కుచ్చిళ్ళు పెట్టీ పెట్టీ, గుడ్డ ముట్టుకోగానే ఎన్ని మడతలు వస్తాయో నా వేళ్ళే చెప్పేస్తాయి. గొప్పలు చెప్పుకోవడం నాకు కాస్త అలవాటే గానీ ఇది మాత్రం నిజం. ఆ సంగతి ఎవరి దగ్గర విన్నదో, పోయిన చలికాలంలో ఒక స్కాట్లాండ్ ముసలావిడ నా షాపు వెతుక్కుంటూ వచ్చింది. ఇక్కడే చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. హిందీ ముక్కలు కలిపిన ఇంగ్లీషులో నిదానంగా మాట్లాడుతుంది. నా ఇంగ్లీషూ అంతంత మాత్రమే కాబట్టి ఇద్దరికీ కుదిరింది.

సంచిలోంచి రెండు బట్టలు తీసి కత్తిరింపుల బల్ల మీద పరిచింది. ఒకటి కిల్టు. వాళ్ళ దేశంలో మగవాళ్ళు కట్టుకునే ఉన్ని గుడ్డ, మోకాళ్ళ దాకా వస్తుంది. ముదురాకుపచ్చ, నీలం గళ్ళు. మేము సిరిసిల్ల నేతగాళ్ళం, గళ్ళ గుడ్డ కనపడితే నాకు చెయ్యి ఆగదు. మడతలు విప్పి చూశాను. ఏ మడత ఎక్కడ పడినా పైన గడి చెదరకుండా కుట్టారు! ఎవడు కుట్టాడో గానీ వాడి కాళ్ళకు మొక్కాలి అనుకున్నాను. అలా అనుకుంటూనే దాన్ని తీసుకెళ్ళి హ్యాంగరుకు తగిలించాను, కుచ్చిళ్ళు ముందుకు వచ్చేలా. చీర కుచ్చిళ్ళు ముందే కదా ఉండేది. ఆవిడ పడీ పడీ నవ్వి, కిల్టుకి కుచ్చిళ్ళు వెనక ఉంటాయని చెప్పి తిప్పి పెట్టింది. నా గొప్ప అక్కడితో సగం దిగింది.

రెండోది ఖాకీ నూలు గుడ్డ. నడుముకు కట్టుకోవడానికి పొడవాటి నాడాలు, ముందువైపు ఒక జేబు. వంటవాళ్ళ ఏప్రన్ అనుకున్నాను. కాదట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆవిడ తాత సిపాయి. రంగు గళ్ళు దూరానికి కనపడతాయని, బురద అంటుతుందని, కిల్టు మీద ఈ గుడ్డ కట్టించేవారట. మొదట్లో ముందువైపుకే ఉండేదట, తర్వాత చుట్టూ వచ్చేలా కుట్టారట. మామూలుగా నడుం ముందు వేలాడే తోలు సంచి యుద్ధంలో ఉండదు కాబట్టి దాని బదులు ఈ జేబు. తడిసిన ఉన్ని మణుగు బరువయ్యేదట, చలికి అంచులు గట్టిపడి మోకాళ్ళ వెనక కోసేవట, మడతల్లో పేలు పడితే కొవ్వొత్తి మంటతో కాల్చేవారట.

"మరి ప్యాంట్లు వేసుకోవచ్చు కదా, మేడం?"

"అది మాత్రం అడక్కండి" అంది నవ్వుతూ. "కిల్టు విప్పమంటే వాళ్ళకు ప్రాణం పోయినట్టు ఉండేది."

దాచుకోవడానికి పైన గుడ్డ కడతారు, కానీ లోపలిది విప్పరు. ఈ మనుషుల సంగతేమిటో తెలుసుకోవాలని నాకు ఒకటే కుతూహలం.

ఆవిడ వచ్చిన పని చిన్నదే. కిల్టుకి పురుగు కొట్టిన చిల్లులు రఫూ చెయ్యాలి, ఖాకీ గుడ్డకు ఊడిన నాడా కుట్టాలి. వారం రోజుల్లో దేశం వెళ్ళిపోతోంది. వాళ్ళ ఊరి మ్యూజియంలో ఈ రెండూ అద్దాల పెట్టెలో పెట్టి, తాత పేరు రాస్తారట. ఆవిడకు పిల్లల్లేరు, తాత పేరు చెప్పుకునేవాళ్ళలో ఆవిడే ఆఖరు. "ఆ పేరు ఒక్కటి నిలబడితే చాలు నాకు" అంది.

మధ్యాహ్నం షాపు మూసి, ఆ రెండూ పైన ఫ్లాటుకి తీసుకెళ్ళాను. నా భార్య ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఖాకీ గుడ్డ అంచు చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకుంది.

"ఇక్కడ చినిగితే ఎవలో చేత్తోని కుట్టుకున్నరు. సూడు, కుట్టు నా లెక్కనే అటు వంగింది. ఇది ఎడమచేతి కుట్టయ్యా."

ఆమెది ఎడమచేతి వాటం, అందులో ఆమె మాటకు తిరుగు లేదు. నాకు అనుమానం పుట్టింది. పుడితే ఊరుకునే రకం కాదు నేను. కిల్టు కింద పరిచి ఖాకీ గుడ్డ దాని మీద చుట్టి చూశాను. వెనక అంచులు కలవలేదు. కింద నాలుగంగుళాల గళ్ళు బయటే ఉన్నాయి. కిల్టు నడుము ముప్పై ఎనిమిది, ఖాకీ గుడ్డ కట్టిన మనిషిది ముప్పై దాటదు. ఈ గుడ్డ ఆ కిల్టుది కాదు. ఇద్దరు మనుషుల బట్టలివి.

"చెప్పాల్నా?" అన్నాను. "పాపం, తాతది అనుకుంటాంది."

"చెప్పకుంటే ఎట్ల? ఇంకొకల గుడ్డ మీద ఈయన పేరు రాస్తరు. ఆయన కూడ ఒక తల్లి కొడుకే గద" అంది నా భార్య.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ వచ్చినప్పుడు చెప్పాను. ముఖం ఎర్రబడింది. "నేను మీకు ఇచ్చింది కుట్టమని, విచారణ చెయ్యమని కాదు" అంది. నాకూ చుర్రున కోపం వచ్చింది. టేపు తీసి ముందు పెట్టి, మీరే చూసుకోండి అన్నాను.

ఆవిడ వంగి తానే చుట్టి చూసింది. ఉతికితే ముడుచుకుని ఉంటుందంది. ఎంత ముడుచుకున్నా అంగుళం, అంగుళమున్నర అన్నాను. సైన్యంలో కొలతలు చూసి ఇవ్వరు, దొరికింది ఇస్తారంది. అప్పుడు నాడా చూపించాను. దాన్ని నడుం చుట్టూ రెండు చుట్లు తిప్పి ముందు ముడి వేసుకున్న చోట అరిగి పల్చబడింది. ముప్పై ఎనిమిది నడుముకైతే నాడా అక్కడికి రానే రాదు. ఎడమచేతి కుట్టు కూడా చూపించాను.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. మా తాత ఆరడుగుల మనిషి, అన్నీ కుడిచేత్తోనే చేసేవాడు అంది. తర్వాత, "ఒకసారి అమ్మ ఈ గుడ్డ ఉతకబోతే తాత పెద్దగా అరిచాడట. ఆయన అరవడం ఇంట్లోవాళ్ళు విన్నది అదొక్కసారేనట. కిల్టును మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు" అంది. పక్కవాడిది హడావుడిలో మారిపోయిందో, ఆ పక్కవాడు మళ్ళీ లేవకపోతే తెచ్చి దాచుకున్నాడో, చెప్పే మనిషి లేడు. నేను ఊరికే ఉండాల్సింది అనిపించింది.

చివరికి ఆవిడే తేరుకుంది. "ఈ గుడ్డ కట్టుకున్న మనిషి కొలతలు మీకు తెలుసు కదా. మామూలుగా మీ కస్టమర్‌కి రాసినట్టే రాసివ్వండి. మ్యూజియంలో దాని పక్కన అదే పెట్టమంటాను."

కొలతల పుస్తకంలో కొత్త కాగితం తీశాను. నడుము ముప్పై. పొడవు ఇరవై ఒకటి. పొడవును బట్టి చూస్తే మనిషి అయిదడుగుల మూడు, నాలుగు. సన్నటివాడు. ఎడమచేతి వాటం. సొంతంగా కుట్టుకోవడం వచ్చు. భుజం, చెయ్యి, కాలరు తెలియదు కాబట్టి ఆ గళ్ళలో ఎప్పటిలా అడ్డంగా గీత కొట్టేశాను.

అలవాటు కొద్దీ కాగితం పైన పేరు గడి దగ్గర పెన్ను పెట్టి, "పేరు, మేడం?" అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. అప్పటికి గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు. సిగ్గుపడి ఆ గడిలో కూడా గీత కొట్టబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కడ గీత కొట్టకండి" అంది. "ఖాళీగానే ఉంచండి."