రిజర్వాయరుకు ఇరవై ఏళ్ల ప్లాను

మార్కాపురం ఆఫీసులో ఓవర్సీయరు కరుణాకరం ఊరి రిజర్వాయరుకు ఇరవై ఏళ్ల ప్లాను గీస్తున్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లయింది. గట్టిగా వాన పడి అంతకంటే ఎక్కువే అయింది. రిజర్వాయరులో మిగిలింది ఒక్క మడుగే అయినా, కాగితం మీద ఆయన రెండు పూతల నీలిరంగు నింపాడు. ముక్కు చివర కళ్లద్దాలు, చెవి మీద పెన్సిలు, గీత గీసినప్పుడల్లా కాగితం మీద ఉఫ్‌మని ఊదడం ఆయన అలవాటు. పూలతోట, పడవల రేవు, పట్నం దొరలు కూర్చోవడానికి సిమెంటు బల్లలు, చుట్టూ కంచె, అన్నీ పై అధికారి కోరినట్టే గీశాడు.

కొలతలకు వెళ్లిన రోజు మేకలు కాసే చెంచమ్మ ఎదురొచ్చి నిలబడింది. "ఏంది నాయనా, ఈడ కంచె ఏస్తారంట! నా మేకలు నీళ్లకు ఎట్ల పోవాల?"

"వాటికి ప్లానులో చోటు లేదమ్మా."

"పడవలకుందే! అవేమన్నా నీళ్లు తాగుతాయా?"

కరుణాకరం టేపు చుట్టుకుని ఆఫీసుకు తిరిగొచ్చాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు తోట మధ్యగా మడుగు దాకా ఒక వెడల్పాటి దారి గీశాడు. మేకల దారి అని రాస్తే ఉద్యోగానికే ఎసరు గనక, 'ప్రజా విహార మార్గం, కంచె వేయరాదు' అని అందంగా రాశాడు. పై అధికారి మురిసిపోయి, "శభాష్! నాగరికతంటే ఇదీ" అంటూ అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

పట్నం నుంచి విహారానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. చెంచమ్మ మేకలు మాత్రం ప్రభుత్వ ఆమోదంతో రోజుకు రెండుసార్లు విహరిస్తున్నాయి.