నేను తీసేసిన సౌండు

పెళ్ళి వీడియో చేతికి రాగానే మొట్టమొదట చెయ్యాల్సింది దాని సౌండు తీసెయ్యడం. సూర్యాపేటలో నేను చేరిన వీడియో మిక్సింగ్ సెంటర్ ఓనరు మొదటి రోజు నేర్పిన పని అదే. "మంది మాటలు, వంటోళ్ళ లొల్లి, జనరేటర్ సప్పుడు, అయ్యగారి దగ్గు, గివన్ని ఎవలింటరమ్మా? తీసెయ్. సినిమా పాటలెయ్" అన్నాడు. కంప్యూటర్ తెర మీద బొమ్మ కింద సౌండు ఒక పచ్చటి పట్టీలా కనబడుతుంది. దాన్ని పట్టుకుని ఒక్క మీట నొక్కితే పోతుంది. ఆ ఖాళీలో సినిమా పాటలు వరసగా పేర్చాలి. ఏ ఘట్టానికి ఏ పాటో మా దగ్గర ఖాయంగా ఉండేది. పెళ్ళికూతురు తామర పువ్వులోంచి లేచి వచ్చేది, పెళ్ళికొడుకు మంచు కొండల మీద తేలేవాడు. పక్కనున్న చివ్వెంల దాటి ఎరగని జంటలను నేను దేశదేశాలు తిప్పేదాన్ని. పదమూడేండ్లు చేశాను ఆ పని. చెయ్యి తిరిగినదాన్నని పేరు కూడా ఉండేది.

నేను తీసేసిన సౌండులో మా నాయిన ఉన్నాడు.

మా నాయిన బ్యాండు మాస్టర్. రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్, మేము జాజ్ అని పిలిచే డ్రమ్ముల సెట్టు, వీటన్నిటి నడుమ నాలుగు చక్రాల బండి మీద బ్యాటరీకి తగిలించిన నాయిన కీబోర్డు. వాయించేదీ ఆయనే, వరసలు కట్టేదీ ఆయనే, తాగొచ్చిన డ్రమ్ములాయనను తిట్టేదీ ఆయనే. ఊరేగింపులో అందరిలాగే సినిమా పాటలు కొట్టేవాళ్ళు. అప్పగింతల దగ్గర మాత్రం నాయిన చెయ్యెత్తి మిగతావాళ్ళను ఆపి, తాను కట్టిన పాట ఒక్కడే వాయించేవాడు. దానికి మాటలు లేవు, పేరూ లేదు. ఏ రెండు పెళ్ళిళ్ళలోనూ అది ఒకలా ఉండేది కాదు. పెళ్ళికూతురి తల్లి మొహం చూస్తూ వాయించేవాడు. ఆమె ఏడుస్తున్నంత సేపూ కీబోర్డు మీద ఒక్క మెట్టునే నొక్కిపట్టి నిలబడేవాడు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు నాలుగు స్వరాలు వేసేవాడు.

"ఏడుపుకు జాగ ఇయ్యాలె బిడ్డా. అంత మనమే వాయిస్తుంటే ఆమె ఎప్పుడేడుస్తది?" అనేవాడు.

నేను పనిలో చేరిన ఏడాదే, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాడు. "మొన్న పెన్‌పహాడ్ పెండ్లి మీ సెంటర్‌కే వచ్చిందంట గద. నా పాట మంచిగొచ్చిందా?"

ఆ పెళ్ళి నేనే చేశాను. అప్పగింతల మీద అప్పట్లో అందరూ వేయించుకునే సినిమా పాట ఒకటి వేశాను. "మంచిగొచ్చింది నాయినా" అన్నాను. నోట్లో ముద్ద ఉంది, విడమరచి చెప్పడానికి బద్ధకం, అంతే. అబద్ధమాడుతున్నానన్న ఆలోచన కూడా రాలేదు. ఆయన మొహం విప్పారింది. ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.

ఆ తర్వాత ఎవరైనా ఆ పాట రికార్డు చేసి పెట్టుకోరాదా మాస్టరూ అంటే నాయిన నవ్వేవాడు. "నేను పెట్టుకునుడేంది? ఈ చుట్టుముట్టు ఇంటింట్ల ఉన్నది నా పాట. ఎవల బీరువ తెరిచినా నేనే ఉంట" అనేవాడు. బ్యాండువాళ్ళకు పెళ్ళి వీడియో ఎవరూ ఇవ్వరు, పిలిచి చూపించరు. నేను చెప్తే తప్ప ఆయనకు తెలిసే దారే లేదు. నేను చెప్పలేదు. మొదట్లో బద్ధకం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత భయం. ఆయన ఆ బీరువా మాట చెప్పినప్పుడల్లా నేను లేచి ఏదో పనున్నట్టు లోపలికి పోయేదాన్ని.

కొన్నేండ్లకు డీజే బాక్సులు వచ్చి బ్యాండును మింగేశాయి. ట్రంపెట్ వాయించే ఇద్దరూ దామరచర్ల దగ్గర కరెంటు ప్లాంటు కడుతుంటే కూలి పనికి పోయారు. నాయిన ఎవరైనా పిలిస్తే పోయేవాడు, లేకపోతే కీబోర్డు మీద గుడ్డ కప్పి దాని పక్కనే కూర్చునేవాడు. రెండేండ్ల కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట సగం పోయింది. అమ్మ అప్పటికే లేదు. దవాఖాన నుంచి తెచ్చాక నేను పని మానేశాను. ఇంట్లో నేనూ ఆయనా మంచమూ.

పొద్దు పోవడానికి ఫోన్‌లో పాటలు పెట్టేదాన్ని. ఒకరోజు ఏదో నొక్కబోతే ఏదో వచ్చింది. సూటు వేసుకున్న విదేశీ ముసలాయన, ఎదుట పియానో, వెనకాల రెండు వరసల్లో ట్రంపెట్లవాళ్ళు. పైన జాజ్ అని రాసి ఉంది. మా డ్రమ్ముల సెట్టు సంగతేమో అనుకుని ఉంచాను. కాసేపు అందరూ కలిసి వాయించారు. తర్వాత ఆయన చెయ్యెత్తాడు. అందరూ ఆగారు. ఆయనొక్కడే మొదలుపెట్టాడు. ఒక స్వరం వేసి ఆగి, ఎవరో జవాబిస్తున్నట్టు వినేవాడు, మళ్ళీ ఇంకోటి వేసేవాడు.

మంచం మీద నాయిన మెడ ఎత్తాడు. "మాట్లాడుతుండు" అన్నాడు వంకరపోయిన నోటితో. "వాయిస్తలేడు. మాట్లాడుతుండు."

ఇక రోజూ ఆయనే కావాలి. వేరేవి పెడితే ఎడమ చెయ్యి విసిరేవాడు. ఒకే పాటను ఆయన వేర్వేరు చోట్ల వాయించిన రికార్డులు దొరికితే ఒకదాని తర్వాత ఒకటి పెట్టించుకుని, ఎక్కడ మార్చాడో వేలు ఎత్తి చూపించేవాడు. ఒకనాడు ఆ వీడియో కింద రాసింది చదివి చెప్పాను. ఆయన ఎప్పుడో చనిపోయాడని, పాటలు కట్టింది కూడా ఆయనేనని, రికార్డులు కుప్పలు ఉన్నాయని. నాయిన ఎడమ చేత్తో తన రొమ్ము మీద తట్టుకున్నాడు.

"నాది పెట్టు" అన్నాడు.

"తెస్త నాయినా" అన్నాను.

నా ఫోన్‌లో వెతికితే నాయిన వాయిస్తుండగా తీసిన పదకొండు సెకండ్ల ముక్క ఒకటి దొరికింది. అందులో మా మేనత్త అన్నం తిన్నవా అని ఎవరినో గట్టిగా అడుగుతుంది, అంతే. మిక్సింగ్ సెంటర్‌కు పోయి, మిక్సింగ్‌కు ముందటి పెళ్ళి టేపులు ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఓనరు నవ్వాడు. "కంప్యూటర్ నిండిందని ఎప్పటికప్పుడు ఖాళీ జేసింది నువ్వే గదమ్మా" అన్నాడు. అవును, నేనే. అందుకు నన్ను మెచ్చుకునేవాడు కూడా. మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంటికొస్తే నాయిన గుమ్మం వైపే చూస్తున్నాడు. వారం రోజులు అట్లాగే చూశాడు.

మా సెంటర్‌కు వీడియోలు తీసిన కెమెరామన్ ఇప్పుడు కోదాడలో ఫొటో స్టూడియో పెట్టుకున్నాడు. అక్కడికి పోయాను.

"పెళ్ళి ఫుటేజీ ఎవరన్నా దాస్తారా చెల్లెమ్మా?" అన్నాడు. "పొద్దున ఒక పెళ్ళి, సాయంత్రం అదే టేపు మీద ఇంకో పెళ్ళి." టీ తెప్పించాడు. గ్లాసు సగంలో ఉండగా ఆగి నా వైపు చూశాడు. "చావు వీడియో అయితే నీ దాకా రాదు కదా. దానికి మిక్సింగ్ ఏముంటుంది? తీసింది తీసినట్టే డిస్కు చేసి ఇచ్చేసేవాళ్ళం. మిర్యాలగూడలో ఒక టీచరుగారింట్లో మీ నాన్న వాయించారు. నేనే తీశాను."

ఇల్లు ఎక్కడో చెప్పి, టీచరుగారికి ఫోన్ కూడా తనే చేసి పెట్టాడు.

మిర్యాలగూడలో ఆ తలుపు తీసిన టీచరమ్మ రిటైరై చాలా కాలమైంది. గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు, దాని పక్కన కూతురి ఫొటో. నెల రోజుల్లో పెళ్ళి ఉందనగా ఆ అమ్మాయి స్కూటీని లారీ గుద్దింది. పెళ్ళికి మాట్లాడుకున్నది మా నాయిన బ్యాండునే. చావుకు అదే బ్యాండు వచ్చింది.

"చర్చి పాటలు రెండు కొట్టినంక మీ నాయిన నా దగ్గరికొచ్చి అడిగిండు" అందామె. "అమ్మా, పెండ్లిల వాయిస్తనన్న పాట ఉన్నది, వాయించాల్నా అని. వాయించుమన్న. నా బిడ్డకు ఇగ వేరే సాగనంపుడు ఎక్కడున్నది?"

బీరువా తాళం తీసి, చీరల అడుగు నుంచి డిస్కు తెచ్చింది. "నేను ఇంతవరకు పెట్టి సూడలే. ఇది ఇంట్లకెళ్ళి బయటికి పోవద్దు. నీ కంప్యూటర్ల ఎక్కించుకో. మీ నాయినకు వినిపియ్యి. విన్నంక తీసెయ్ బిడ్డా. నా ఏడుపు ఫోన్లల్ల ఊర్లు తిరుగొద్దు."

"తీసేస్త మేడం, ఒట్టు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే తెలుసు, తీసెయ్యనని.

డిస్కు కాపీ అవుతున్నప్పుడు చప్పుడేమీ రాదు. అయినా ఆమె వంటింట్లోకి పోయి నల్లా విప్పి, అయిపోయిందని నేను పిలిచేదాకా కట్టెయ్యలేదు.

ఇంటికొచ్చి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఆరు నిమిషాలు. నాయిన పాట ఉంది, కానీ దాని నిండా ఆ తల్లి ఏడుపు ఉంది. దాన్ని నాయినకు వినిపిస్తే చావుదని తెలిసిపోతుంది, పెళ్ళివేవీ అంటాడు. ఇప్పుడు మనిషి గొంతును, వాయిద్యాన్ని విడగొట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఏడుపు తీసేసి పాట ఒక్కటీ దాచుకుంటే టీచరమ్మకిచ్చిన మాట తప్పినట్టు కాదు కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నాకు చేతనైంది తీసెయ్యడమే కనుక ఆ పని శుభ్రంగా చేశాను.

పొద్దున్నే నాయినకు టీ తాగించి, లాప్‌టాప్ మంచం మీద పెట్టాను. "పెన్‌పహాడ్ పెండ్లి నాయినా" అన్నాను.

ఒక మెట్టు చాలాసేపు మోగింది. నాలుగు స్వరాలు. మళ్ళీ అదే మెట్టు. రెండు స్వరాలు. ఖాళీ. పాట కాదది. ఎవరో కీబోర్డు పనిచేస్తుందో లేదో చూస్తున్నట్టు ఉంది. నాయిన నుదురు ముడివడింది. ఆపమని చెయ్యెత్తాడు.

"ఆమె ఏది?" అన్నాడు.

"ఎవరు నాయినా?"

"ఏడ్చే ఆమె."

ఇంకో ఫైలు, అసలుది, పెట్టాను. మొదటి ఏడుపుకే ఆయన కళ్ళు మూసుకున్నాడు. "టీచరమ్మ" అన్నాడు. ఆరు నిమిషాలూ కదల్లేదు. ఏడుపుతో కలిసి వింటే అది పాటే. ఆమె ఎక్కడ విరిగిపోతే అక్కడ ఆయన ఆగాడు, ఆమెకు ఊపిరి ఆడనప్పుడు మెల్లగా ఒక్కో స్వరం అందించాడు. నాయిన అంత బాగా వాయిస్తాడని, ముప్పై ఎనిమిదేండ్లు ఆయన ఇంట్లో ఉండి, నాకు తెలియదు.

అయిపోయాక కళ్ళు తెరిచాడు. "పెండ్లివి?"

"లేవు నాయినా."

"ఒక్కటి?"

"ఒక్కటి గూడ లేదు. నేనే తీసేసిన. సినిమా పాటలేసిన. నీకు అబద్ధం జెప్పిన."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఇళ్ళు అని లెక్క వేసుకుంటున్నాడో, ఏమీ వేసుకోవడం లేదో. కంటి నుంచి నీళ్ళు చెవి వైపు కారాయి. తుడవబోతే తల తిప్పేసుకున్నాడు. కాసేపటికి తనే అడిగాడు.

"ఆమె ఇచ్చిందా?"

"ఇచ్చింది. విన్నంక తీసెయ్యుమన్నది."

"విన్న గద" అన్నాడు. "తీసెయ్."

"నాయినా, గిదొక్కటే ఉన్నది. ఇది పోతే నీది ఏం లేదు."

"ఆమెది" అన్నాడు. ఆ తర్వాత నోరు చాలా కష్టపెట్టి, ఒక్కో ముక్కా కూడదీసుకుని అన్నాడు. "ఆమె బిడ్డది. నీది గాదు. నాది గాదు. తీసెయ్."

బతిమాలాను. కోపం కూడా చేశాను. ఇంత కష్టపడి తెచ్చింది నీ కోసం కాదా అని అరిచాను. ఆయన తన ఎడమ చేతి వేలితో లాప్‌టాప్ చూపిస్తూ అట్లాగే ఉన్నాడు, ఆ వేలు అలసిపోయి వణుకుతున్నా దించలేదు. పదమూడేండ్లలో ఎన్నిసార్లు ఆ మీట నొక్కానో చెప్పలేను. తెర మీద ప్రతిసారీ అడుగుతుంది, ఇది శాశ్వతంగా పోతుంది, సరేనా అని. నేనెప్పుడూ దాన్ని చదవలేదు. ఆ రోజు చదివాను. నాయిన చూస్తుండగా నొక్కాను. ఏడుపు తీసేసిన ముక్కను కూడా తీసెయ్యమన్నాడు. అదీ నొక్కాను.

తర్వాత ఆయన పాటలు అడగలేదు. ఆ విదేశీ ముసలాయనను పెట్టినా వద్దన్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు.

దినాలు అయ్యాక టీచరమ్మకు ఫోన్ చేశాను. "మీ నాయిన విన్నడా?" అని అడిగింది. విన్నాడన్నాను. "తీసేసినవా?" అంది. తీసేశానన్నాను. ఇంకేదైనా అంటుందేమోనని చెవికి ఫోన్ అదుముకుని నిలబడ్డాను. ఆమె దేవుడు మిమ్మల్ని ఓదార్చును గాక అని పెట్టేసింది. డిస్కు ఇంకోసారి ఇమ్మని నేను అడగలేదు, అడగలేను.

ఎవరి బీరువా తెరిచినా తానే ఉంటానని మా నాయిన చెప్పుకునేవాడు. ఇప్పుడు ఒకే ఒక్క బీరువాలో, చీరల అడుగున ఉన్నాడు. ఆ ఇంట్లో ఆ డిస్కును ఎవరూ వినరు.